ఆటగాళ్లు మారితే జట్టు అదేనా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆటల్లేని నెలల్లోనే అసలు చిక్కు ప్రశ్న పుడుతుంది: మనుషులు మారిపోతే జట్టు అదేనా? ఇండియానా విశ్వవిద్యాలయం 2023లో 3 గెలిచి 9 ఓడింది. ఆ నవంబరు చివర కర్ట్ సిగ్నెటీని కోచ్‌గా పెట్టుకున్నారు. వెనకే జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన పాత శిష్యులు కొందరు బదిలీపై వచ్చేశారు. 2024లో 11 గెలుపులు. ఇది కొనుక్కున్న జట్టు, పేరు తప్ప పాతదేమీ మిగల్లేదంటారు గిట్టనివాళ్లు. డబ్బు మాట కాదనలేం. అయితే మిలింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన రథం పోలికలోనూ చక్రమో ఇరుసో విడిగా రథం కాదు. అన్నీ పొందికగా కూడితేనే ఆ పేరు. జట్టు పొందికలో పాత ఓటములూ ఉన్నాయి, విశ్వవిద్యాలయం ఉన్న బ్లూమింగ్టన్‌ స్టేడియంలో ఏళ్ల తరబడి ఓటమి చూసి ఇంటికెళ్లిన జనమూ ఉన్నారు. ఆటగాడంటారా, బదిలీల గొడవ లేని రోజుల్లోనూ నాలుగైదేళ్లకు వెళ్లిపోయేవాడే. అందుచేత 2024లో గెలిచింది 2023లో ఓడిన ఇండియానాయే.