రక్తబంధము - భాగవతబంధము

సిద్దిపేట జిల్లా ఎర్రవల్లి ప్రాంతపు పల్లెలలో ఆచారములు పలు విధములు. ఒక యింట ఏకాదశీవ్రతము, ప్రక్కయింట పోచమ్మకు బోనము. ఒకరిది ఊర్ధ్వపుండ్రము, మరియొకరిది లింగధారణము. అదే జిల్లాలోని కొమురవెల్లిలో మల్లన్నకు ఇరుప్రక్కల బలిజ మేడలమ్మయు, గొల్ల కేతమ్మయు దేవేరులై కొలువున్నారు. దేవుని యింట కలిసిన ఆ రెండు కులములు ఊరిలో సాధారణముగా వియ్యమందవు. ఇట్టివారి పుట్టుక వేర్వేరా, ఒక్కటియా?

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులైన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ మొదలగువారు 25 సముదాయములకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి 2009లో ఫలితములను ప్రకటించిరి. మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు సముదాయములవారును అందు కలరు. ఈ దేశవాసులలో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహముల కలయికవలన కలిగినవారే యనియు, పాళ్లలో మాత్రము హెచ్చుతగ్గులు కలవనియు తేలినది. ఆ కలయిక సుమారు 4,200 మొదలు 1,900 సంవత్సరముల క్రిందటి వరకు జరిగెనని 2013లో మరియొక పరిశోధన తెలిపినది. పిమ్మట తలుపులు మూతపడినవి. వైశ్యులలో ఈ కట్టుబాటు నూరు తరములకు మించినదట! దానికి మూల్యమును కలదు. శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకిచ్చు ఒక మందు వారిలో కొందరికి సరిపడదు. సహజమైన ఊపిరి తిరిగి వచ్చుటకు గంటలు పట్టును.

రక్తమొక్కటియే యని విని సంతసించువారు కలరు. సంతసింపదగినదే. కాని ఆదరమునకు అదియే ఆధారమైనచో, రేపు మరియొక పరీక్ష భేదమును చూపిననాడు ఆదరమును మానుకొనవలయునా? పాళ్లలో హెచ్చుతగ్గులున్నవని చెప్పినదియు ఆ పరీక్షయే కదా! వైష్ణవసంప్రదాయము బంధుత్వమును రక్తమునందు వెదకలేదు. జీవులెల్లరు శ్రీమన్నారాయణునకు శేషభూతులు. ఆ సంబంధమునకు పాళ్లు లేవు. ఈ మాటను కాదనువారు లేరు. ఆచరణవేళనే అడుగు వెనుకబడును.

పెరియనంబి వెనుకాడలేదు. యామునాచార్యుల శిష్యుడైన మారనేరినంబి పంచమకులమున జన్మించినవాడు. ఆయన పరమపదించినప్పుడు పెరియనంబి స్వయముగా అంత్యసంస్కారము కావించెను. స్వజనులు ఆయనను వెలివేసిరి. శిష్యులైన భగవద్రామానుజులే వచ్చి, లోకమర్యాదను మీరి ఇట్లేల చేసితిరని అడిగిరట. పెరియనంబి జటాయువును స్మరించెను. తండ్రియైన దశరథునకు చేయ నోచుకొనని దహనసంస్కారమును శ్రీరాముడు అడవిలో ఆ పక్షికి చేసెను. తాను శ్రీరామునికంటె అధికుడా, మారనేరినంబి ఆ పక్షికంటె తక్కువవాడా యని పెరియనంబి తన శిష్యునే ఎదురు ప్రశ్నించెను.