స్వేచ్ఛయు స్వాతంత్ర్యమును

‘స్వేచ్ఛ’ యనియు ‘స్వాతంత్ర్య’మనియు మనము వాడు రెండు మాటలు లోకవ్యవహారమున ఒకే అర్థము నిచ్చునట్లు తోచును. పదములను విడదీసి చూచినచో భేదము తెలియును. స్వేచ్ఛ యనగా తన ఇచ్ఛ. ఇచ్ఛ పుట్టినంతనే దానివెంట పోవుట స్వేచ్ఛావిహారము. స్వతంత్రుడనగా తన నడవడి పగ్గము తన చేతిలో గలవాడు. ఇచ్ఛ పుట్టినప్పుడు దానివెంట పోవుటకును, పోకుండుటకును సమర్థుడైనవాడే స్వతంత్రుడు. ఈ భేదము పండితుల వాదములకు మాత్రమే పనికివచ్చునది కాదు. నేడు ప్రతి గృహమునందును, భోజనము చేయుచోటను, పడకటింటను, తుదకు తిరుపతి బస్సులోను జరుగుచున్న ఒక వివాదమునకు ఇదియే మూలము. ఆ వివాదము సెల్‌ఫోనును గూర్చినది.

ఈ విషయమున ఇండ్లలో మూడు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. పెద్దలు కొందరు, “ఈ యంత్రమే పాడుది, ఇది వచ్చి పిల్లలను చెడగొట్టినది” అందురు. నడివయసువారు, “యంత్రముదేమి తప్పు? కత్తితో కూర తరుగవచ్చును, చేయి కోసికొనవచ్చును, దోషము వాడువానిది” అందురు. యువకులు, “నా ఫోను, నా కాలము, నా ఇష్టము” అందురు. ఈ మూడింటిని పూర్వపక్షములుగా గ్రహించి, ఒక్కొక్కదానిని శాంతముగా విచారింతము.

మొదటి పక్షము: యంత్రమే దుష్టమనునది. ఇట్లన్నచో యంత్రముల వలన కలిగిన మేలును గూడ కాదనవలసి వచ్చును. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన శ్రీవేంకటేశ్వర సుప్రభాతము 1963లో గ్రామఫోను రికార్డుగా వెలువడినది. సంస్కృతాక్షరము నేర్వని ఎన్నో యిండ్లలో ఆ శ్లోకములు వినికిడి చేతనే కంఠస్థములైనవి. సినిమా గాయకులుగా ప్రసిద్ధులైన ఘంటసాల పాడిన భగవద్గీత పల్లెటూరి రామాలయపు మైకులలో సైతము మ్రోగినది. 1987 జనవరిలో దూరదర్శనున రామాయణ ధారావాహిక ఆరంభమైనప్పుడు, టీవీ పెట్టెకు పూలదండ వేసి చూచినవారు కలరు. నేడు సముద్రముల కావల నున్న మనుమని ముఖమును అవ్వ ఇచ్చట కూర్చుండి చూడగలుగుచున్నదన్నచో అది ఈ చిన్న యంత్రము చలవయే. ఇదియంతయు దుష్టమనుట న్యాయము కాదు.

మరియు, దుష్టమని ఎంచి నిషేధించినంత మాత్రమున అలవాటు తొలగదనుటకు మన దేశచరిత్రలోనే సాక్ష్యములు కలవు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి యైన పిదప, శాస్త్రీయ సంగీతమునకు ప్రాధాన్యము కల్పింపదలచి ఆకాశవాణి సినిమా పాటలను దూరముగా నుంచినది. ఉద్దేశము మంచిదే. కాని శ్రోతలు సినిమా పాటలను వదలలేదు. రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ఆరంభించినది. మన కాలమున 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దేశభద్రతా కారణములచే టిక్‌టాక్ మొదలైన 59 యాప్‌లను నిషేధించినది. ఆ నిషేధము ఉద్దేశము వేరు. అయినను కొలది నెలలలోనే అట్టి చిట్టి వీడియోలు రీల్సు, షార్ట్సు అను క్రొత్త పేర్లతో అవే చేతులలోనికి వచ్చి చేరినవి. తలుపు మూసిన మాత్రమున దాహము తీరదు.

యంత్రమును నిందించు పెద్దలు తమ చేతిని గూడ ఒకమారు చూచుకొనవలెను. ఒకప్పుడు “ఇట్టి ఉత్తరములు ఇంతమందికి వ్రాసి పంపకున్న కీడు కలుగు”నని బెదరించు పోస్టుకార్డులు వచ్చెడివి. నేడు అదే బెదరింపు స్వామివారి చిత్రముతో సహా ఫోనులోనికి వచ్చుచున్నది. దానిని పదిమందికి పంపువారిలో జపమాల చేతబట్టినవారును కలరు. కావున ఈ రోగము ఒక వయసునకు చెందినది కాదు.

రెండవ పక్షము: కత్తి దృష్టాంతము. ఇది వినుటకు ఇంపుగా నుండును. దీనిని పరీక్షించుటకు వ్యాకరణము మనకు తోడ్పడును. పాణిని మహర్షి కారకములను నిర్వచించుచు, క్రియయందు స్వతంత్రుడైనవాడే కర్త యని నిర్ణయించెను. క్రియ సిద్ధించుటకు మిక్కిలి ఉపకరించునది కరణము. తరుగువాడు కర్త, కత్తి కరణము. ఇంతవరకు దృష్టాంతము సరియే. కాని పాణిని అంతటితో ఆగక, ఆ కర్తను ప్రేరేపించువానికి ‘హేతువు’ అను మరియొక సంజ్ఞను గూడ ఏర్పరచెను. దేవదత్తుడు వండును, యజ్ఞదత్తుడు అతనిచే వండించును. తెలుగునందును చూచుట వేరు, చూపుట వేరు. “నేను వీడియోలు చూచుచున్నాను” అనువాడు, తనకు వానిని చూపుచున్నవాడెవడో కూడ అడుగవలెను.

కత్తి మన చేతివాటమును గమనించి తన అంచును మార్చుకొనదు. కూర తరుగుట ముగిసిన పిదప “ఇంకొక కాయ తరుగు”మని పిలువదు. ఫోనులోని తెర అట్టిది కాదు. మనము దేనిని ఎంతసేపు చూచితిమో, ఎచ్చట ఆగితిమో, దేనిని దాటవేసితిమో లెక్కించి, తరువాత ఏది పెట్టినచో కన్ను మరలకుండునో గణించి అదియే చూపును. దీనిని నడుపు కంపెనీలకు ముఖ్యమైన రాబడి ప్రకటనల వలన. మన కన్ను తెరపై ఎంతసేపు నిలిచిన వారికంత లాభము. కావున ఇచ్చట మన చేతిలో నున్నది కరణము మాత్రమే కాదు. కరణము వెనుక ఒక హేతుకర్త కూర్చుండియున్నాడు. “దోషమంతయు వాడువానిదే” అనువారు ఈ రెండవవానిని లెక్కలోనికి తీసికొనుటలేదు.

మన గ్రంథములలో ప్రతి అధ్యాయమునకు చివర ‘ఇతి’ యని ముగింపు కలదు. ఆ ‘ఇతి’ చదువరికి లేచిపోవుటకు ఈయబడిన అవకాశము. పురాణము చెప్పువారు మంగళము పాడినంతనే శ్రోతలు లేతురు. ఆనాటి టీవీ రామాయణము వారమునకొక్కమారు, ఇంటికి పెట్టె ఒక్కటి, చూచువారు పదిమంది, ముగిసినంతనే ఎవరి పనికి వారు పోయెడివారు. 2006లో అజా రాస్కిన్ అను అమెరికా రూపకర్త, కంప్యూటరు తెరపై పుట చివర యనునదే లేకుండ, క్రిందికి జరిపినకొలది క్రొత్త విషయము వచ్చుచునే యుండు పద్ధతిని కల్పించెను. తన కల్పన మనుష్యుల కాలమును హరించుచున్నదని తరువాత ఆయనయే బహిరంగముగా విచారము వెలిబుచ్చెను. నేటి తెరకు ‘ఇతి’ లేదు. ప్రతివానికి వేరు తెర, ప్రతివాడును ఒంటరి చూపరి. లెమ్మని చెప్పువారు ప్రక్కన లేరు.

మూడవ పక్షము: “నా ఇష్టము” అనునది. దీనిలో సగము సత్యము కలదు. ఆ సగమును పెద్దలు అంగీకరింపవలెను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత ప్రతి వ్యక్తికి ప్రాథమికమైన హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమును 2012లో వేసినవారు యువకులు కారు. 86 ఏండ్ల వయసున నున్న విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. స్వాతంత్ర్యమును కోరుట కుర్రతనపు చేష్ట కాదని దీనివలన తెలియుచున్నది. గీతోపదేశము ముగియవచ్చుచుండగా భగవానుడు గూడ అర్జునుని ఆజ్ఞాపింపలేదు. చెప్పినదానిని పూర్తిగా విమర్శించుకొని, తన కెట్లు తోచిన నట్లు చేయుమని నిర్ణయమును అతనికే విడిచెను. జగద్గురువే ఇట్లు విడిచినప్పుడు మనబోటివారము పిల్లల నిర్ణయములను మన పిడికిట బంధింపజూచుట తగునా?

ఇక రెండవ సగము. గీత రెండవ అధ్యాయమున పతనక్రమము ఒక మెట్ల వరుసగా చెప్పబడినది. మొదట విషయమును పదేపదే తలచుట, దానివలన సంగము, సంగము వలన కామము, పిదప క్రోధము, మోహము, స్మృతిభ్రంశము, బుద్ధినాశము. మనము “నా ఇష్టము” అని చెప్పునది ఈ వరుసలో మూడవ మెట్టు. మొదటి మెట్టున మనలను నిలిపినదెవరు? ఏ పాటను, ఏ చీరను, ఏ నటుని మన కన్నుల యెదుట మాటిమాటికి త్రిప్పిన తలపు పుట్టునో ముందుగా లెక్కవేసినవారెవరు? ఆ సంగతి అడుగక, మూడవ మెట్టున నిలిచి “ఇది నా ఇచ్ఛ” యనుట, ఇతరులు నాటిన మొక్కకు నీరు పోసి తోట నాదనుట వంటిది.

ఇచ్చట వైష్ణవులకొక సందేహము కలుగవచ్చును. “జీవుడు భగవంతునికి శేషభూతుడు, పరతంత్రుడు గదా! అట్టివానికి స్వాతంత్ర్యమను మాట ఏల?” బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ ప్రశ్న విచారింపబడినది. అంతర్యామి జీవుని మొదటి ప్రయత్నమును అపేక్షించి, పిదప అనుమతినిచ్చి కార్యమును నడుపునని శ్రీభాష్యకారులు సమాధానమిచ్చిరి. ఇద్దరికి ఉమ్మడియైన ధనమును ఒకడు పరులకీయవలెనన్నచో రెండవవాని అనుమతి యుండవలెను. అయినను ఇచ్చుటకు పూనుకొన్నవానికే దాని ఫలము చెందునని వారి దృష్టాంతము. సర్వస్వతంత్రుడైన స్వామియే మన మొదటి అడుగు కొరకు వేచియుండునని దీని తాత్పర్యము. ఈ తెర వేచియుండదు. ఒక దృశ్యము ముగిసినదో లేదో, మనమడుగకయే మరియొకటి ఆరంభమగును. మనకు నిజమైన యజమాని మన సమ్మతిని కోరుచుండగా, మనము డబ్బిచ్చి కొన్న వస్తువు దానిని కోరుటలేదు. భగవంతునికి దాసుడగుట మన స్వరూపము. ఇతరములకు దాసుడగుట స్వరూపమునకు హాని. కావున ఫోను పగ్గమును తిరిగి చేతికి తీసికొనుట అహంకారము కాదు. దాస్యమునకు అర్హతను కాపాడుకొనుటయే.

కొన్నాళ్ళ క్రిందట నాయొద్ద కావ్యములు చదివిన పూర్వశిష్యుడొకడు వచ్చి, “గురువుగారూ, మా అమ్మాయి ఇంటరు చదువుచున్నది. దాని ఫోను తీసికొని బీరువాలో పెట్టితిని. మూడు దినములుగా నాతో మాటలాడుటలేదు. నేను చేసినది ధర్మమేనా?” అని అడిగెను. “నీ కుమారుని ఫోనెక్కడ?” అంటిని. “వాని దగ్గరనే యున్నదండీ. వాడు మగపిల్లవాడు గదా!” అనెను. “మరి నీది?” అని యడుగగా, చొక్కా జేబు తడుముకొని మారుపలుకక యుండెను.

అతనికి నేను చెప్పినదే పాఠకులకును మనవి చేయుచున్నాను. ఒకరికి విధించి ఇతరులను విడిచిపెట్టునది నియమము కాదు, బలప్రయోగము. తిరుప్పావై రెండవ పాశురమున గోపికలు తమ వ్రతనియమములను చెప్పుకొనుచు, నేయి తినము, పాలు త్రాగము, కాటుక పెట్టుకొనము, పూవులు ముడువము అను భావముతో పలుకుదురు. ప్రతి నియమమును “మేము” అనియే చెప్పుకొందురుగాని, “మీరు” అని ఇతరులకు విధింపరు. పాలు నేయి చెడ్డవని వారనలేదు. వ్రతకాలము ముగిసిన పిదప వానిని మరల ఆనందముగా స్వీకరింతురు. నియమము తామే కోరినది, అందరికి సమానమైనది, కాలపరిమితి గలది. ఈ మూడు లక్షణములు గల నియమము బంధము కాదు. కావున, “అమ్మాయి ఫోను అమ్మాయికి ఇచ్చివేయుము. దానిలో ఏమున్నదో ఆమె లేనప్పుడు తెరచి చూడకుము. భయపడవలసిన విషయము కనబడినచో ఎదుట కూర్చుండబెట్టుకొని అడుగుము. రాత్రి భోజనము మొదలు తెల్లవారువరకు ఇంటిల్లిపాది ఫోనులును ఒక బుట్టలో నుండవలెను; మొదట పడునది నీది కావలెను. ఆ వేళను నిర్ణయించుపని పిల్లలకే విడువుము” అని చెప్పితిని. అతడు ఇంటికి పోయి ఏమి చేసెనో నేనడుగలేదు. అది వారి యింటి విషయము.

తిరుమలయాత్ర చేసిన ప్రతివారికి ఇట్టి నియమము అనుభవమున నున్నదే. శ్రీవారి ఆలయములోనికి సెల్‌ఫోనులు తీసికొనిపోరాదు. వానిని అప్పగించి యాత్రికులు క్యూలో నిలుతురు. మొదట కొంతసేపు చేయి అలవాటుచొప్పున జేబులోనికి పోవుచుండును. పిదప ప్రక్కవారి ఊరు అడుగుదుము, పిల్లలకు కథ చెప్పుదుము, గోవిందనామము అందుకొందుము. మూలమూర్తి ఎదుట నిలిచిన ఆ కొన్ని క్షణములను చిత్రముగా తీసి దాచుకొనలేము గనుకనే కన్నుల నిండ చూతుము. ఫోను లేని ఆ కొన్ని గంటలలో మనము స్వాతంత్ర్యమును కోల్పోయితిమని ఎవరును అనుకొనరు. లడ్డూప్రసాదముతో పాటు ఆ నియమమును గూడ ఇంటికి తెచ్చుకొని, దినమున ఒక్క గంట పాటించినచో అదియు స్వామి ప్రసాదమే యగును.

తెరకు లేని ‘ఇతి’ని మనమే పలుకుట నేర్వవలెను. ఆ ఒక్క మాట పలుకగల శక్తియే స్వాతంత్ర్యము. ఆ మొదటి ప్రయత్నము మనది. అనుమతియు, సిద్ధియు స్వామివి. శ్రీనివాసుడు మన గృహములలోని పెద్దలకును పిన్నలకును అట్టి బుద్ధిబలమును అనుగ్రహించుగాక!