గీత గీసింది మనమేనా?

జాతి అనేది లోకంలో నిజంగా ఉందా, మన బుద్ధి గీసుకున్న గీతా? నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల పాటు తెగని పట్టుదలతో ఈ వాదం నడిపారు. నిత్యమై, ఒక్కటై, అనేక వ్యక్తుల్లో సమవాయంతో, అంటే విడదీయరాని సంబంధంతో, ఉండేదే జాతి అన్నది న్యాయ మతం. అలాంటి వస్తువేదీ లేదు, ‘ఇది అది కాదు’ అని వేరుచేయడమే ఉందన్నది దిఙ్నాగుడు, ధర్మకీర్తుల పక్షం. ఆవూ కుండా ఈ చర్చలో ఎప్పటి నుంచో నలిగిన ఉదాహరణలు. వాటిని చూసి తడబడేవాళ్లెవరూ ఉండరు. ఐరోపా అడవుల్లో మొలిచే రెండు పుట్టగొడుగులు, బొలీటస్ ఎడ్యులిస్, బొలీటస్ రెటిక్యులాటస్, ఇంతకంటే కఠినమైన పరీక్ష పెడతాయి.

రెండింటికీ గొడుగు అడుగున రేకులుండవు, సన్నని రంధ్రాలుంటాయి. అవి లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ పసుపుకు తిరుగుతాయి. ఎడ్యులిస్ గొడుగు తడిస్తే జిగురుగా తగులుతుంది, దాని అంచు వెంట తెల్లటి గీత కనిపిస్తుంది. కాడ మీది తెల్లని వల అల్లిక ఎక్కువగా పైభాగానికే పరిమితం. రెటిక్యులాటస్ గొడుగు పొడిగా మఖమల్‌లా ఉండి, ఎండకు పగుళ్లిస్తుంది. అల్లిక కాడ కిందికంటా దిగుతుంది. ఇది వేసవి నుంచే మొలుస్తుంది, ఎక్కువగా ఓక్, బీచ్ చెట్ల వేళ్లతో కలిసి బతుకుతుంది. ఎడ్యులిస్‌కు స్ప్రూస్, పైన్ చెట్లు ప్రియమే గానీ, ఓక్ కిందా మొలుస్తుంది. అందుకే ‘ఓక్ కింద మొలవడం’, ‘అంచున తెల్లగీత ఉండటం’ రెండూ విడివిడిగానూ కనిపిస్తాయి, ఒకే పుట్టగొడుగులోనూ కలుస్తాయి. నైయాయికుడు ఉదయనాచార్యుడు చెప్పిన జాతిబాధకాల్లో, అంటే ఒక ధర్మాన్ని జాతి అనకుండా అడ్డుకునే కారణాల్లో, సాంకర్యం సరిగ్గా ఇదే. పైకి కనిపించే ఏ ఒక్క గుర్తునూ జాతిగా నిలబెట్టలేం.

అయితే బౌద్ధుడే గెలిచినట్టా? వంటవాడికి ఈ తేడాతో పనిలేదు. ఇటలీలో ‘బొర్గొతారో పుట్టగొడుగు’ అనే, ఐరోపా సమాఖ్య రక్షణ పొందిన పేరు కింద ఈ రెండూ, వీటి బంధువులు మరో రెండూ కలిసే అమ్ముడవుతాయి. ప్రయోజనం ఒక్కటైనప్పుడు విభజన కల్పితమే అనిపిస్తుంది. కానీ గీతలన్నీ మన కల్పనలే అయితే, గీసినవన్నీ ఒకే తీరున నిలవాలి, లేదా ఒకే తీరున చెరగాలి. జరిగింది వేరు. బర్చ్ చెట్ల కింద మొలిచేదాన్ని బెటులికోలా అనీ, తెల్లగొడుగు దాన్ని పెర్సూనీ అనీ విడదీశారు. డీఎన్ఏ పోల్చి చూశాక అవి ఎడ్యులిస్‌లోనే కలిసిపోయాయి. రెటిక్యులాటస్ మాత్రం విడిగా నిలిచింది. మనుషులు గీసిన ఒక గీతను ఒప్పుకుని మరో గీతను తోసిపుచ్చింది మన బుద్ధి కాదు, ఆ జీవులే.

ఎంత తేడా ఉంటే వేరు జాతి అని తేల్చేదీ మనమే కదా అని అడగొచ్చు. నిజమే, హద్దు దగ్గర సందేహం మిగులుతుంది. సంజవేళ ఉన్నంతమాత్రాన పగలూ రాత్రీ ఒకటైపోవు. నైయాయికుడు వదులుకోవలసింది జాతి సత్యాన్ని కాదు, దాని నిత్యత్వాన్ని. ఈ పుట్టగొడుగుల జాతి ఒకప్పుడు పుట్టింది, ఎప్పుడో అంతరిస్తుంది. వాటిని ఒక్కటిగా పట్టి ఉంచేది తరతరాల వంశధార. బౌద్ధులు క్షణక్షణం మారే చిత్తానికి చెప్పిన సంతానమనే భావనే, వాళ్లు కాదన్న జాతికి ఇక్కడ ఆధారమవుతోంది.