సరంగు పిలుపు

స్టోయిక్ తత్త్వవేత్త ఎపిక్టెటస్ బోధలను శిష్యుడు అరియన్ క్లుప్తంగా కూర్చిన ‘ఎంకిరిడియన్’లో ఏడో ప్రకరణం ఒక ఓడప్రయాణం గురించి. ఓడ దారిలో ఒకచోట లంగరు వేస్తుంది. ప్రయాణికుడు మంచినీళ్ల కోసం ఒడ్డుకు దిగుతాడు. ఆల్చిప్పో, ఏదైనా దుంపో కంటబడితే ఏరుకోవచ్చు. ధ్యాస మాత్రం ఓడ మీదే ఉండాలి. సరంగు కేకేయగానే అన్నీ వదిలి పరుగెత్తాలి. లేదంటే గొర్రెల్లా కట్టి ఓడలో పడేస్తారు. బతుకులో ఆ ఆల్చిప్ప చోటున ఆలో బిడ్డో ఉంటారు, అంతే తేడా. వయసు మళ్లినవాడైతే ఓడకు దూరంగా పోనేకూడదు.

ఎపిక్టెటస్ రోమ్‌లో బానిసగా బతికి, విడుదలై, పాఠాలు చెప్పాడు. డొమిషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను వెళ్లగొట్టినప్పుడు నికోపొలిస్ చేరాడు. క్రీ.పూ. 31 నాటి ఆక్టియం విజయానికి గుర్తుగా అగస్టస్ కట్టించిన ఊరది. ఒక పక్క అయోనియన్ సముద్రం, మరో పక్క సన్నని మూతి గల అంబ్రేషియన్ అఖాతం. అక్కడ వినేవాళ్లకు లంగరూ, గాలి కోసం ఎదురుచూపూ ఎరిగిన సంగతులే. వేసవి పగళ్లలో గాలి సముద్రం మీంచి నేలకు వీస్తుంది, రాత్రి తిరగబడుతుంది. తెరచాప ఓడ అఖాతం దాటి సముద్రంలోకి పోవాలంటే నేలగాలి లేచిన అదను పట్టుకోవాలి. కనుక వేళ ముందుగా చెప్పడం సరంగు చేతిలో కూడా లేదు. ఉపమానంలో ఆ పిలుపే చావు. దానిలో కక్ష లేదు.

ఆలుబిడ్డలను ఆల్చిప్పలతో జతకట్టడం చాలామందికి మింగుడుపడలేదు. స్టోయిక్కుల లెక్కలో మన వశంలో ఉన్నవి తలపూ, కోరికా, విముఖతా వంటివే. దేహం, ఆస్తి, అయినవాళ్లు ఉండేదీ పోయేదీ మన చేతిలో లేదు. అలాగని ఎపిక్టెటస్ సన్యాసం చెప్పలేదు. ఒడ్డుకు దిగొద్దనలేదు, ఏరుకోవద్దనీ అనలేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. కథంతా వెళ్లిపోయేవాడి వైపు నుంచే నడిచింది, ఒడ్డున మిగిలేవాళ్ల ఊసు లేదు. తండ్రి, అన్నదమ్ముడు, పొరుగువాడు, ఇలా ఏ బంధానికి తగిన కర్తవ్యం దానికుందని ముప్పయ్యో ప్రకరణం చెప్పి ఆ లోటును కొంత పూడుస్తుంది.

ఆరో శతాబ్దంలో ఈ పుస్తకానికి వ్యాఖ్య రాసిన సింప్లిసియస్‌కు సరంగు దేవుడే. ఆయనే మరో సంగతీ నమోదు చేశాడు. ఎపిక్టెటస్ చాలాకాలం ఒంటరిగా బతికాడు. తర్వాత, పేదరికం వల్ల ఒక మిత్రుడు వదిలేయబోయిన బిడ్డను తెచ్చుకొని, సాకడానికి ఒక స్త్రీని ఇంట్లో ఉంచుకున్నాడు. ఇది తన హెచ్చరికను తానే మీరడం కాదని వాదించవచ్చు, ఎందుకంటే ఆయన వద్దన్నది పిలుపు అందనంత దూరం పోవడాన్ని. ఆల్చిప్ప పోలిక మాత్రం ఇక్కడ నిలవదు. ఎవరూ ఏరుకోకపోయినా ఆల్చిప్పకు నష్టం లేదు. ఆ బిడ్డ మాత్రం బతికేది కాదు.