బొంతకు వెనక వైపు

పైన పటారం, లోన లొటారం అన్నారు పెద్దలు. మనుషుల్ని చూసి అన్న మాట అది. బొంతలకి మాత్రం సరిగ్గా తిరగేసి చెప్పుకోవాలి.

అసలు మన పాత బొంతకి ముందూ వెనకా అనే పేచీయే లేదు. చివికిన చీరలూ, పంచెలూ మడతలు పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి కుట్లు వేస్తే బొంత. ఎటు తిప్పి కప్పుకున్నా వందసార్లు వుతికిన నూలు మెత్తదనమే.

ఇప్పుడు చలిదేశాల్లో కాపురాలు చేస్తున్న మన అమ్మాయిలు కొందరు, అమ్మ కట్టి విడిచిన చీరల ముక్కలు అతికి పైభాగం చేసుకుని, అడుగున ఫ్లీసు వేస్తున్నారు. ఫ్లీసంటే గొర్రెబొచ్చు కాదండోయ్! పాలియెస్టర్ దారంతో అల్లి, నూగు లేపిన గుడ్డ. 1970ల చివర్లో అమెరికాలోని మాసచూసెట్స్‌లో పుట్టింది. ఆ నూగులో గాలి నిలిచి వెచ్చదనమిస్తుంది. మధ్యన దూది పొర లేకపోయినా సరిపోతుంది.

"అమ్మ చీర కింద ప్లాస్టిక్ గుడ్డా?" అని నొచ్చుకునేవాళ్ళున్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదు. పత్తి చీరకి పత్తి గుడ్డే జోడీ. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. బొంత పైభాగం చూసేవాళ్ళది. అడుగుభాగం పడుకున్నవాళ్ళది. మనిళ్ళల్లో మంచి దుప్పటి ఎప్పుడూ చుట్టాలకే, ఇంట్లోవాళ్ళకి పాతవే. మెచ్చుకునే కళ్ళకి పెట్టే ఖర్చు, వణికే వొంటికి పెట్టకపోతే అది ఏం ప్రేమ?

ఫ్లీసుని సాగదీసి కుట్టకూడదు. వదలగానే అది తన చోటికి తాను పోతుంది, పైనున్న చీర ముడతలు పడుతుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కువైతే కరుగుతుంది. కొత్త నూలుగుడ్డనైతే ముందే తడిపి ఆరేసుకోవాలి. లేకపోతే మొదటి వుతుకులో అది కుంచించుకుపోతుంది, ఫ్లీసు పోదు, రెంటికీ పొత్తు కుదరదు. అమ్మ చీరకి ఆ బాధ లేదు. ఎంత సర్దుకోవాలో అంతా అదెప్పుడో సర్దుకుంది.

ఇక ఫ్లీసుకీ ఒక వెనక వైపుంది. వుతికినప్పుడల్లా కంటికానని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయి. కాలవల్లోకీ, సముద్రంలోకీ చేరతాయి. మన పిల్ల వెచ్చదనానికి ఎవరి పిల్లలో తాగే నీళ్ళు ఎందుకు పాడవాలి? అందుకని వూరికే వుతక్కుండా, మాసినప్పుడే చన్నీళ్ళలో వుతకడం కనీస ధర్మం. చలి అంతగా లేనిచోట అడుగున మరో పాత చీరే వేసుకోవచ్చు. అవసరానికీ సరదాకీ మధ్య గీత ఎవరికి వారే గీసుకోవాలి.

మరి వాడితే అమ్మ చీర చిరిగిపోదా? చిరుగుతుంది. బీరువాలో నాఫ్తలీన్ వుండల మధ్య దాస్తే మరికొన్నేళ్ళు వుంటుంది. కానీ ఆ చీర కట్టుకున్న మనిషి, బిడ్డ చలికి ముడుచుకుని పడుకుంటే, దాన్ని మడత నలక్కుండా దాచుకునేదా? మీ అమ్మని తలుచుకుని మీరే చెప్పండి.