పరదేశ సాయమును ప్రజాసభ ప్రశ్నయు

ఒక ప్రభుత్వము తన యెల్లల కావలి రాజ్యములతో నెట్లు మెలగుచున్నదో, వానికెంత ధనధాన్యముల నిచ్చుచున్నదో అడుగుటకు శాసనసభ్యులకు హక్కు కలదా? కలదని చట్టము చెప్పును. కాని చట్టము చెప్పినదానిని మనస్సు అంగీకరించుట వేరు. పన్నులను గూర్చి, బాటలను గూర్చి, పాఠశాలలను గూర్చి సభ్యుడు ప్రశ్నించినచో మెచ్చుకొను విద్యావంతులే, అతడు పరదేశ నీతిని ప్రశ్నించినంతనే కనుబొమలు ముడిచెదరు. ఇంటిగుట్టు వీధిలో బెట్టుచున్నాడని యొకరు, శత్రువులకు సంతోషము గలిగించుచున్నాడని మరియొకరు నిందింతురు. ఈ నింద న్యాయమైనదేనా యని విచారింపవలసియున్నది.

ఇట్టి రాజ్యతంత్ర విచారము చెన్నేకొత్తపల్లి వంటి యూళ్లకేల యని చదువరులు శంకింపవచ్చును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని యీ కరవునేల ఆ ప్రశ్నయొక్క మూడు ముఖములను జూచినది. పరదేశ యుద్ధమునకు తన ధనము పోవుట చూచినది. పరదేశపు ధాన్యమునకై యెదురుచూచినది. నేడు పరదేశములకు సాయముచేయు రాజ్యములో నొక భాగమై యున్నది. కావున నీ విషయమున మాట్లాడుటకు మనకెంత హక్కు గలదో, నేర్చుకొనుటకంత యవసరమును గలదు.

1876వ సంవత్సరమున నారంభమైన కరవును మొదట జ్ఞప్తికి దెచ్చుకొందము. ధాత నామ సంవత్సరమున వచ్చుటచే మన పెద్దలు దానిని ధాత కరవనిరి. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. 1882లో వేరుపడువరకు నీ ప్రాంతము బళ్లారి జిల్లాలో జేరియుండెను. ఆ రెండేండ్లలో దక్షిణదేశమున ఆకలిచేతను రోగములచేతను మడసినవారు 50 లక్షలకు తక్కువ గారని లెక్కలు చెప్పుచున్నవి. కరవుపనికి వచ్చిన మగవానికి దినమునకొక పౌను ధాన్యమును, పైన ఒక అణాయును చాలునని సర్ రిచర్డు టెంపుల్ కొలత యేర్పరచెను. ఆ గాయ మారకముందే, 1878 నవంబరులో, లిట్టను ప్రభువు అఫ్గనిస్తానముపై యుద్ధము ప్రకటించెను. రష్యావలని భయముతో బ్రిటిషు సామ్రాజ్యము తన మేలుకొరకు జేసిన యుద్ధమది. దాని వ్యయమును భారతదేశపు రాబడినుండి చెల్లింపవలెనని మంత్రులు 1878 డిసెంబరులో పార్లమెంటును గోరిరి. పరుల దాడిని త్రిప్పికొట్టుటకు దక్క, పార్లమెంటు సమ్మతిలేనిదే భారతదేశపు రాబడిని ఎల్లలు దాటిన దండయాత్రలకు వినియోగింపరాదని 1858 నాటి చట్టమున నిబంధన యుండుటచే నట్లు కోరక తప్పినది కాదు.

అప్పుడు కామన్సు సభలో దీనిని ప్రతిఘటించినవారిలో హెన్రీ ఫాసెట్టు ముఖ్యుడు. ఈయన యౌవనమున వేటలో ప్రమాదవశమున తగిలిన గుండ్లచే రెండు కన్నులు గోల్పోయినవాడు. కేంబ్రిడ్జి విద్యాపీఠమున అర్థశాస్త్రాచార్యుడు. సామ్రాజ్యము తన ప్రయోజనమునకై చేయు యుద్ధమునకు కరవుచే కృశించిన పేదదేశము డబ్బు చెల్లించుట యే న్యాయమని యాయన వాదించెను. బళ్లారి జిల్లా రైతు యొక్కడును ఆయనకు వోటు వేసినవాడు గాడు, వేయగలవాడును గాడు. అయినను ఆయన యడిగెను. సభలో నాయన పక్షము ఓడిపోయెను. దేశభక్తి లేనివాడని యాక్షేపించినవారును లేకపోలేదు. కాని ప్రశ్న యోడిపోయినంత మాత్రమున నశింపదు. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము వచ్చిన పిదప ఆ యుద్ధవ్యయమునకై బ్రిటిషు ఖజానానుండి 50 లక్షల పౌన్లు ఇచ్చుట కంగీకరించిరి. అది మొత్తము వ్యయములో నొక భాగము మాత్రమే. అయినను అడిగినవాడే లేకున్నచో ఆ భాగమైనను దక్కియుండునా?

ఇక రెండవ ముఖము. స్వరాజ్యము వచ్చిన కొలది యేండ్లకే వానలు తప్పి, రాయలసీమలో గంజికేంద్రములు తెరువవలసి వచ్చినది. దేశమంతటను ధాన్యము కొరతగా నుండెను. 1950 చివర మన ప్రభుత్వము అమెరికాను 20 లక్షల టన్నుల ధాన్య మడిగెను. అధ్యక్షుడు ట్రూమన్ 1951 ఫిబ్రవరి 12న దానికి సమ్మతి కోరుచు కాంగ్రెసునకు సందేశము పంపెను. చట్టముపై నాయన సంతకము జూన్ 15న గాని పడలేదు. నాలుగు నెలలేల పట్టినది? ఆ ఫిబ్రవరి మొదటి తేదీననే ఐక్యరాజ్యసమితిలో, కొరియా యుద్ధ విషయమున చైనాను దురాక్రమణదారుగా నిర్ణయించు తీర్మానమునకు భారతదేశము వ్యతిరేకముగా వోటువేసెను. మనకు తోడురాని దేశమునకు మన గోధుమ లేల యని అనేక సభ్యులు పట్టుబట్టిరి. భారతదేశపు ప్రజలను రాజకీయముతో ముడిపెట్టరాదని వాదించిన సభ్యులును ఆ సభలో నుండిరి. తుదకు 19 కోట్ల డాలర్ల సాయము అప్పుగా మంజూరయ్యెను. రాజకీయ నిబంధనలతో గూడిన సాయమును స్వీకరింపజాలమని నెహ్రూగారు స్పష్టముగా జెప్పియుండిరి. మరల 1965, 66లలో కరవు వచ్చినపుడు అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలకు లెక్కచూచి విడుచుచుండెను. వియత్నాము యుద్ధముపై మనవారు చేసిన విమర్శ ఆయనకు రుచింపలేదు.

ఈ రెండు ఉదాహరణములలోను శాసనసభ్యులు ప్రశ్నించిరి. ఫాసెట్టు ప్రశ్నను చదివినపుడు మన హృదయము పొంగును. 1951 నాటి ప్రశ్నలను చదివినపుడు ముడుచుకొనును. మనకు అనుకూలము గనుక నొకటి మంచిది, ప్రతికూలము గనుక నొకటి చెడ్డది యనుట ధర్మవిచారము గాదు. అమెరికా ప్రజల పన్నులతో గొన్న గోధుమలను గూర్చి వారి ప్రతినిధు లడుగుట న్యాయమే. ఎంత యిచ్చుచున్నారు, ఎట్లు చేర్చెదరు, మధ్యవర్తులు మ్రింగకుండ నేమి కట్టుబాటు చేసితిరని యడిగియుండిన నెవ్వరును తప్పుపట్టనేరరు. తప్పు అడుగుటలో లేదు; అడిగిన దిక్కులో నున్నది. ఫాసెట్టు తన ప్రభుత్వము చేయి పట్టుకొని యడిగెను. అమెరికా సభ్యులలో కొందరు ఆకలిగొన్నవాని గొంతు పట్టుకొని యడిగిరి. మొదటిది తన రాజ్యపు నడతను సరిదిద్దు ప్రశ్న. రెండవది పరుల విధేయతను కొలుచు ప్రశ్న. ఈ భేదమే ప్రకృతమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము.

మన ప్రాచీనులకు నీ భేదము తెలియనిది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దానము సామభేదదండములతో బాటొక ఉపాయము. పరరాజును వశపరచుకొను సాధనము. భగవద్గీతలో సాత్త్వికదానము ప్రత్యుపకారము గోరనిది, దేశకాలపాత్రములెరిగి యిచ్చునది. రాజ్యములు చేయు సాయమున నీ రెండును కలిసియే యుండును. శుద్ధసాత్త్వికదానము చేయు రాజ్యము భూమిపై లేదు. పొరుగుదేశము చల్లగా నుండవలెనను స్వార్థము నిషిద్ధమును గాదు. కాని ఉపాయమునకు దానమను పేరుపెట్టి ప్రజలను మోసపుచ్చుట తగదు. ఏది యెంతపాలు కలదో విప్పి చూపునది సభలోని ప్రశ్నయే.

కుడిచేత నిచ్చినది ఎడమచేతికి తెలియరాదని మనలో నొక నానుడి గలదు. సొంతసొమ్ము నిచ్చు గృహస్థునకది భూషణమే. ప్రభుత్వమునకు సొంతసొమ్ము లేదు. అగ్గిపెట్టె కొన్న కూలివాడు చెల్లించిన పన్ను దాని గాదెలోని గింజ. ఇంటి యజమాని గాదెలోని రాగులను పొరుగింటికి గొలిచి యిచ్చినపుడు, ఎవరికిచ్చితివి, ఎన్ని శేర్లిచ్చితివని ఇల్లాలడుగుట లోభము గాదు. పిల్లల సంకటికి కొలత చూచునది యామెయే గదా. అడుగనియ్యని యజమాని దాత యనిపించుకొనును గాని గృహస్థనిపించుకొనడు.

ఆక్షేపణల నించుక పరిశీలింతము. పరరాజ్యవ్యవహారములకు రహస్యము వలయునందురు. కొంత వలయును, సంధి మాటలను జరుగుచుండగనే బయటబెట్టరాదు. కాని రహస్యమునకొక గడువుండవలెను. చైనావారు అక్సాయ్ చిన్ మీదుగా వేసిన బాట 1957లో పూర్తియైనది. మన పార్లమెంటునకు ఆ సంగతి విశదమైనది 1959 ఆగస్టులో. శ్వేతపత్రము సెప్టెంబరులో వెలువడినది. ఆచార్య రంగాగారు మున్నగు ప్రతిపక్షులు చైనా విషయమున హెచ్చరించినపుడు వారి మాటలకు తగినంత విలువ లభింపలేదు. 1962 అక్టోబరులో యుద్ధము వచ్చినది. ముందుగా చర్చ జరిగియుండిన యుద్ధము తప్పియుండునని మేము చెప్పజాలము. సైనికుల కాలిజోళ్లను, చలిదుస్తులను గూర్చి యెవరైన సకాలమున నడిగియుందురని మాత్రము చెప్పవచ్చును.

ప్రశ్నించుటవలన దేశము పరుల యెదుట చులకనయగునని రెండవ యాక్షేపణ. ఇంగ్లండునకు ఫాసెట్టువలన చులకన గలుగలేదు; ఆయన పేరువలననే ఆనాటి యింగ్లండును మన మింకను గౌరవముతో దలచుకొనుచున్నాము. చులకన గలిగించునది యుద్ధవ్యయమును కరవుదేశముపై మోపిన నిర్ణయము.

మూడవ యాక్షేపణ మన యూళ్లలో వినబడునది. దానిని తేలికగా త్రోసివేయరాదు. మా బావులెండి, వేరుసెనగ పంట చేజారి, మా పిల్లలు బెంగుళూరునకు కూలికి బోవుచుండగా పరదేశములకు సాయమేల యని రైతడుగును. అడుగదగినదే. దానికి లెక్కతో సమాధానము చెప్పవలెను. 2024-25 సంవత్సరపు కేంద్ర బడ్జెట్టు 48 లక్షల కోట్ల రూపాయలకు పైబడినది. అందు విదేశవ్యవహారశాఖకు గేటాయించినది సుమారు 22 వేల కోట్లు. నూటికి అర వంతుకూడ గాదు. అందును సాయము క్రింద బోవునది కొంతభాగమే. రైతు నోటి కూడు పోవుచున్నది దానివలన గాదు. అయినను పాలు చిన్నదని అడుగుట మానరాదు. గంజికేంద్రము నెరిగిన నేల పిడికెడు గింజల విలువ నెరుగును.

మూడవ ముఖమున నిలిచిన మన రాజ్యము చేయుచున్నదేమి? 2022లో శ్రీలంక అప్పులపాలై చమురునకును మందులకును అలమటించినపుడు సుమారు 400 కోట్ల డాలర్ల సాయము మనదేశమునుండి చేరినది. ఆ యేటనే, కాబూలులో మనము గుర్తింపని ప్రభుత్వ మేలుచుండగా, 50 వేల టన్నుల గోధుమలను అఫ్గను ప్రజలకిచ్చుటకు పూనుకొని, పాకిస్తాను మీదుగా బండ్లలో పంపనారంభించిరి. 1951లో మనపట్ల జరిగిన దానికిది విరుద్ధమార్గము. ఇందులో గర్వింపదగిన దున్నది. అదే కాబూలులో 2015లో మనము కట్టియిచ్చిన శాసనసభా భవనమున, 2021 ఆగస్టు తరువాత సభ లేదు. రాతిగోడలను దానము చేయవచ్చును గాని ప్రశ్నించు నలవాటును దానము చేయలేము. దానిని ప్రతిజాతియు తన యింట పెంచుకొనవలసినదే.

మనమా యలవాటును మన యింట నెంత పెంచితిమి? రాజ్యాంగము ప్రకారము పార్లమెంటు అనుమతిలేనిదే ఖజానానుండి రూపాయి తీయరాదు. కాని పరదేశములతో ఒడంబడికలు చేసికొనుటకు సభ యామోదము ముందుగా నవసరము లేదు. అందుచే ప్రశ్నయే సభకు మిగిలిన ముఖ్యసాధనము. శాఖల పద్దులలో ననేకము చర్చలేకయే గడువు చివర నొక్కటిగా నంగీకరింపబడుచున్నవి. హిందూపురమునుండి 1967లో ఎన్నికై లోక్‌సభ సభాపతియైన నీలం సంజీవరెడ్డిగారు తమ పక్షసభ్యత్వమును వదలుకొని ఆ పీఠ మెక్కిరి. రాష్ట్రపతి ప్రసంగము జరిగిన దినముననే ప్రభుత్వముపై అవిశ్వాసతీర్మానమును చర్చకు స్వీకరించిరి. ప్రభుత్వమును ప్రశ్నించుట సభకు ధర్మమని మన ప్రాంతపు మనుష్యుడే చూపిన మార్గమది. ఆ హిందూపురము నియోజకవర్గమున నున్న మనము, వోట్లడుగవచ్చినవారిని నీటినిగూర్చి, రైలునుగూర్చి యడుగుదుము. పొరుగుదేశముతో మెలగు తీరు నడుగము. కడప మొదలగు రాయలసీమ జిల్లాలనుండి ఎందరో స్త్రీలు కువైటులో ఇంటిపనికి బోవుచున్నారు. 1990లో ఇరాకు సేనలు కువైటు నాక్రమించినపుడు లక్షకు మించిన భారతీయులను విమానములలో దెచ్చుకొనవలసివచ్చెను. పరదేశనీతి మన వంటింటి గడప దాటి లోపలికి వచ్చియేయున్నది.

కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు వృద్ధులు తలలు వంచుకొనిరి. సభలో నుండి న్యాయమెరిగియు పలుకనివాడు పాపములో పాలుగొనునని విదురుడు హెచ్చరించెను. సభ్యుడు తన పక్షమువాడైనను కాకున్నను, మనమతనిని కోరవలసినవి నాలుగు: ఎవరికిచ్చితిరి, ఎంత యిచ్చితిరి, చేరవలసినవారికి చేరినదా, బదులుగా నేమి కోరితిరి. ఈ నాల్గవ ప్రశ్నను మన ప్రభుత్వము నడిగి, పుచ్చుకొన్నవాడు మనలను పొగడెనా లేదా యను అయిదవ ప్రశ్నను నోటికి రానీయకుంట, ఒకనాడు చేయి చాచిన జాతికి దగిన మర్యాద.