అవిసె నూనె ఆరేదాకా

హౌరా పక్కన లిలువాలో 1900 నుంచి రైలుపెట్టెల కార్ఖానా ఉంది. ఉక్కు బోగీలు రాకముందు పెట్టె కట్టడంలో టేకుదే పెద్దపీట. ఆ తరంలో ప్రయాణించినవాళ్లకు నున్నటి చెక్కబల్లలు గుర్తుండే ఉంటాయి.

అలాంటి నునుపు ఇంట్లోనూ కావాలని మన గుమ్మానికో, తాతలనాటి కుర్చీకో నూనె పట్టించాలంటే అవిసె నూనె మేలు. కొబ్బరి నూనె ఆరదు. జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టిస్తుంది. అవిసె నూనె ఆరడమంటే ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, చెక్క రంధ్రాల్లోనే గట్టిపడుతుంది. అందుకే నార వెంబడి పల్చగా రాసి, కాసేపాగి, మిగిలింది తుడిచేయాలి. తుడవడానికే మనకు మనసొప్పదు, డబ్బు పెట్టి కొన్నాం కదా! మందంగా వదిలితే పైన మీగడలా కట్టి, రోజుల తరబడి చేతికి అంటుతుంది. వానాకాలంలో మరీను.

అన్నట్టు, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.